ఊబిదొర వచ్చింది

మూడో తేదీ, సోమవారం

ఈ రోజు నుంచి రాక్షసుల ప్రేమకథలు చదవను. రాసేశాను, ఇక వెనక్కి తగ్గేది లేదు.

కారణం కొమ్ములు. నేను ఒక చిన్న ప్రచురణ సంస్థలో ప్రూఫులు దిద్దుతాను. పోయిన నెల అచ్చయిన నవలలో నాయకుడు గుహలో ఉండే రాక్షసుడు. తలమీద రెండు కొమ్ములు. ఏడో అధ్యాయం దగ్గరికొచ్చేసరికి నేను కథలో మునిగి తేలుతున్నాను. ఆ అధ్యాయం పొడవునా కొమ్ములకి కొమ్ము ఎగిరిపోయింది. ‘ఆమె వణికే వేళ్ళతో అతని కొమ్మలు నిమిరింది’ అని అచ్చయింది. నాయకుడికి రోజూ ఎన్ని నీళ్ళు పోయాలని ఒక పాఠకురాలు ఉత్తరం రాసింది.

ఎడిటరుగారు పిలిచారు. తిట్టలేదు. తిడితే బాగుండేది.

“నువ్వు అక్షరాలు చూడటం మానేసి అబ్బాయిని చూస్తున్నావమ్మా” అన్నారు.

కిటికీ పక్కన కుర్చీ ఖాళీగా ఉంది. అందులో కూర్చునే పెద్ద ప్రూఫ్‌రీడరుగారు రిటైరయ్యారు. ఏళ్ళ తరబడి నాది తాత్కాలిక ఉద్యోగం, గుమ్మం పక్కన స్టూలు. రాబోయే పుస్తకం తప్పుల్లేకుండా దిద్దితే ఉద్యోగమూ, కుర్చీ నావి. లేకపోతే కొత్తమ్మాయిని తీసుకుంటారట. అమ్మాయిని చూసి పెట్టుకున్నారు కూడా.

కాబట్టి నియమాలు.

ఫోన్లో సీరియళ్ళ యాప్ తీసేశాను. పాఠకురాళ్ళ గ్రూపులోంచి బయటికొచ్చాను. చెప్పి వస్తే ఉండిపొమ్మంటారని చెప్పకుండా వచ్చాను. బీరువా మీది పుస్తకాలన్నీ అట్టపెట్టెలో సర్ది, తాడు కట్టి, మంచం కిందికి తోశాను. రెక్కలాయన, చెరువు అడుగునాయన, సగం తోడేలాయన, అందరికీ సెలవు.

మావారికి చెప్పాను. “ఊఁ” అన్నారు.

నాలుగో తేదీ, మంగళవారం

అద్భుతం. బస్సులో ఫోన్ తియ్యలేదు. కిటికీలోంచి లోకం చూశాను. లోకంలో చాలా దుకాణాలున్నాయి. బోర్డుల మీద చాలా తప్పులున్నాయి. అన్నీ మనసులోనే దిద్దుకుంటూ ఆఫీసు చేరాను.

ఇంత తేలిగ్గా ఉంటుందనుకోలేదు. మనిషి తలుచుకుంటే ఏదైనా చెయ్యగలడు.

సాయంత్రం మా అమ్మాయి కాలేజీ నుంచి వచ్చి, నా మొహం చూసి, జ్వరమా అని అడిగింది.

ఆరో తేదీ, గురువారం

ఎడిటరుగారు నా స్టూలు ముందు లావుపాటి కాగితాల కట్ట పెట్టారు. ఆ రాబోయే పుస్తకం ఇదేనట.

పేరు ‘ఊబిదొర’.

చిత్తడినేలలో ఉండే రాక్షసుడు. ఒంటినిండా నాచు. వంతెనలు కట్టే మేస్త్రీ కూతురితో ప్రేమ. రాసినావిడ రిటైరైన పశువుల డాక్టరట. నా దురదృష్టానికి ఇంతకంటే మంచి పుస్తకం దొరకలేదు.

ఏదైనా గణితం గైడు ఇవ్వండి సార్ అని బతిమాలాను. ఇప్పుడు అమ్ముడుపోయేవి ఇవేనమ్మా, వీటిని దిద్దలేకపోతే ఆ కుర్చీ ఎందుకు అన్నారు. నిజమే.

భోజనం వేళ ఉపాయం తట్టింది. రిటైరైన పెద్దాయన పట్టికలనీ, అంకెలనీ చివరి నుంచి మొదటికి చదివేవారు. అలా చదివితే అర్థం అడ్డురాదు, అక్షరమే కనిపిస్తుంది అనేవారు. నవలని కూడా అలాగే చదువుతాను. చివరి పేజీలో చివరి వాక్యం ముందు. దాని పైది తర్వాత. కథ నా దగ్గరికి రావాలన్నా వీపు తిప్పుకునే రావాలి.

పైగా ఇది పని. పనికోసం చదవడం చదవడం కాదు. తీర్మానం చెక్కుచెదరలేదు.

ఎనిమిదో తేదీ, శనివారం

ఉపాయం పారింది! వాళ్ళు ఎందుకు ఏడుస్తున్నారో తెలియదు, కన్నీళ్ళ కింద ఒత్తు ఉందో లేదో మాత్రం తెలుసు. ఊబిదొరకి పెళ్ళయిందని తెలుసు, ఆ పెళ్ళి ఎలా కుదిరిందో ఇంకా తెలియదు. గుండె నిమ్మకు నీరెత్తినట్టుంది.

చివరి అధ్యాయంలో ఆయన ఆ పిల్లని “చలేస్తోందా?” అని అడుగుతాడు. అంతే. ఒక్క మాట. నేను ‘లే’కి ఏత్వం సరిగా ఉందో లేదో మాత్రమే చూశాను. ఉంది. ఇంకోసారి చూశాను. అనుమానం వచ్చి మళ్ళీ చూశాను.

ఏత్వం చాలా బాగుంది.

పదకొండో తేదీ, మంగళవారం

చిన్న సవరణ. అర్థం కాని చోట ఒక పేరా మాత్రం మొదటి నుంచి చివరికి చదవొచ్చు. అర్థం కూడా ప్రూఫులో భాగమే కదా. రోజుకి ఒక పేరా. ఈ రోజు కాస్త ఎక్కువైంది, రేపటి వాటాలో తగ్గిస్తాను.

మా అమ్మాయి భోజనాల దగ్గర అడిగింది, అసలు ఆ రాక్షసుల్లో ఏముందమ్మా, మనుషులు దొరకలేదా అని.

మామూలు నవలల్లో నాయకుడు అన్నీ తెలిసి దిగుతాడని చెప్పాను. గుర్రమెక్కడం తెలుసు, కారు నడపడం తెలుసు, ఆడపిల్ల మనసులో ఏముందో ఆమెకంటే ముందే తెలుసు. రాక్షసుడికి ఏమీ తెలియదు. కుర్చీలో ఎలా కూర్చోవాలో తెలియదు. గిన్నె పట్టుకుంటే నలిగిపోతుందేమోనని భయం. తన బలం చూసి తనే భయపడే మగవాడు ఎంత అపురూపం. తెలియదు కాబట్టి ప్రతిదీ అడుగుతాడు. నొప్పెడుతోందా, చలేస్తోందా, ఇక్కడ కూర్చోనా అని. పైగా లోకమంతా ఛీ అంది కాబట్టి, తనని చూసి పారిపోని ఒక్క మనిషిని కళ్ళల్లో పెట్టుకుంటాడు.

ఇంత చెప్పాక మావారి వైపు చూశాను. ఆయన నీటి పంపుల స్టేషన్లో మెకానిక్కు. భారీ మనిషి. మంచం మీద ఆయన కూర్చుంటే నేను నా వైపు నుంచి ఒక జానెడు పైకి లేస్తాను. ఇరవయ్యేళ్ళుగా లేస్తూనే ఉన్నాను, ఆయన చూడలేదు.

ఊబిదొర మాట్లాడతాడా అని అమ్మాయి అడిగింది. ఎక్కువ మాట్లాడడు, ‘ఊఁ’ అంటాడు, అందులోనే అంతా ఉంటుంది అన్నాను.

“నాన్న కూడా అదే కదా అనేది?” అంది.

ఆ ‘ఊఁ’ వేరు అన్నాను. అమ్మాయి ఊరుకోలేదు. నాన్నని నేను నువ్వు అంటాను, నువ్వేమో మీరు, వచ్చారు, తిన్నారు అంటావు, నాన్న ఏమైనా నీకు ఆఫీసరా అంది. పెద్దవాళ్ళు అలా నేర్పారు, నోటికి అలవాటైపోయింది అన్నాను. మావారు తల ఎత్తకుండా కూర కలుపుకున్నారు.

పద్నాలుగో తేదీ, శుక్రవారం

ఈ రోజు నా ఉద్యోగ జీవితంలోనే అతి పెద్ద తప్పు పట్టుకున్నాను.

వంతెన అధ్యాయం చివర్నుంచి చదువుతూ వచ్చాను. ‘ఆయన కింద ఉన్నాడు’ అని ఒక చిన్న వాక్యం. తప్పులేమీ లేవు, దాటేశాను. దాని పైన చూస్తే ఏముంది? అది. అది వచ్చింది. అది చూసింది. అది నీళ్ళలోకి జారింది. అక్కడి నుంచి మొదటి పేజీ దాకా తిరగేశాను. అంతటా అదే. చివర్లో ఆయన అనిపించుకున్న పెద్దమనిషిని ముందంతా ‘అది’ అని రాసింది డాక్టరమ్మ.

ఒళ్ళు మండింది. ఇది రచయిత్రి నిర్లక్ష్యం కాక ఏమిటి? కొట్టంలో గేదెల గురించి రాసీ రాసీ చెయ్యి అలా అలవాటైపోయి ఉంటుంది. పుస్తకమంతా ఒకే పద్ధతి ఉండాలన్నది మా వృత్తిలో మొదటి పాఠం.

ఎర్ర పెన్ను తీశాను. ‘అది’ అన్న చోటల్లా ‘ఆయన’. వచ్చిందిని వచ్చాడు చేశాను, చూసిందిని చూశాడు చేశాను. ఒక్కో దిద్దుబాటుకీ ఆయన నా వైపు కృతజ్ఞతగా చూస్తున్నట్టనిపించింది.

వాళ్ళిద్దరూ చీకటి గుహలో దాక్కునే అధ్యాయం విసిగించింది. అందులో కర్తలే లేవు. ‘వణికింది. దగ్గరికి జరిగింది. నిట్టూర్చింది’ అని ఉంది. ఎవరు? ఆ పిల్లా, ఊబిదొరా? వెనక నుంచి చదివేవాళ్ళకి ఎలా తెలుస్తుంది? నా బుద్ధికి తోచినట్టు పంచాను. సగం ఆమెకి, సగం ఆయనకి.

పదిహేడో తేదీ, సోమవారం

పూర్తయింది. దిద్దుబాట్లన్నీ పేజీల్లోకి ఎక్కాయి. ఒక ప్రతి డాక్టరమ్మకి ఆఖరి చూపు కోసం పంపారు. అచ్చు శనివారం.

అంత పెద్ద దోషం పట్టుకున్నానని చెబితే ఎడిటరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. కిటికీ పక్క కుర్చీ వైపు చూసి నవ్వారు. అందరూ భోజనానికి వెళ్ళాక అందులో కూర్చుని చూశాను. వెనక్కి వాలుతుంది.

ఇంత కష్టపడ్డందుకు ఒక చిన్న బహుమతి. యాప్ మళ్ళీ పెట్టుకుని, చెరువు అడుగునాయన ఎలా ఉన్నాడో ఒక్క భాగం చూశాను. బాగాలేడు. ఆయన్ని వలవేసి పట్టుకున్నారు. అలాంటి స్థితిలో వదిలేసి ఎలా పడుకుంటాను, ఇంకో నాలుగు భాగాలు చదివాను. ఇంకా వలలోనే ఉన్నాడు.

మంచం కింద పెట్టెకి తాడు మరీ బిగుతుగా కట్టాను, పుస్తకాలకి గాలాడదు. వదులు చేశాను. వదులు చేస్తుంటే ఊడిపోయింది.

ఇరవయ్యో తేదీ, గురువారం

డాక్టరమ్మ వచ్చారు.

పొట్టి మనిషి, పెద్ద చేతులు, రబ్బరు చెప్పులు. నేరుగా నా స్టూలు దగ్గరికి వచ్చి పేజీలు పెట్టి, ఇది దిద్దింది నువ్వేనా అని అడిగారు. నేనేనండి అన్నాను, మెచ్చుకోవడానికి వచ్చారనుకుని. ఏకరూపత గురించి రెండు ముక్కలు చెప్పాను కూడా.

ఒక పేజీ తీసి చూపించారు. గుహలో ‘ఆమె ఏడ్చాడు’ అని ఉంది. నా పంపకంలో ఒకటి అటూ ఇటూ అయింది.

అది సరే, నువ్వు పుస్తకం ఎక్కణ్ణుంచి చదివావమ్మా అన్నారు. చివర్నుంచండి, కథలో పడిపోకుండా అన్నాను. ఆవిడ నా ఎదురుగా కాగితాల కట్టల మీదే కూర్చున్నారు.

“ఈ పుస్తకంలో నేను రాసింది ఒక్క మాటేనమ్మా. మిగతా పేజీలన్నీ ఆ మాట దగ్గరికి నడిచి వెళ్ళడానికి.”

ఊళ్ళో అందరిలాగే ఆ పిల్ల కూడా ఊబిదొరని ‘అది’ అనే అంటుంది. భయపడినప్పుడూ అదే, జాలిపడినప్పుడూ అదే. వంతెన మీద మాత్రం, మొట్టమొదటిసారి, ఆమె నోట ‘ఆయన’ అని వస్తుంది. పుస్తకం అక్కడుంది. నేను మొదటి పేజీలోనే ఆయన్ని చేసేశాను. ఇక ఆ పిల్ల నడవాల్సిన దూరమేది?

గుహ గురించి అడగాలనిపించలేదు, కానీ ఆవిడే చెప్పారు.

“ఉద్యోగమంతా కొట్టాల్లో తిరిగాను. ప్రతి గేదె గురించీ, ప్రతి కుక్క గురించీ వచ్చింది, తిన్నది, ఏడ్చింది అని రాశాను. ఇంటికెళితే నా గురించి మావాళ్ళు అనేవీ అవే మాటలు. వచ్చింది, తిన్నది, ఏడ్చింది. మన భాషలో ఆడదానికీ మృగానికీ తోక ఒకటేనమ్మా. ఆ చీకట్లో ఎవరు ఎవరి దగ్గరికి జరిగారో చదివేవాళ్ళకి తెలియకూడదు. తోక ఒకటే కాబట్టి అలా రాయగలిగాను. నువ్వు కోసేశావు.”

ఇన్నేళ్ళుగా ఈ కథలు చదువుతున్నాను. వాటిలో నాకేం దొరుకుతోందో మా అమ్మాయికి అంత పొడుగు ఉపన్యాసం ఇచ్చాను. ఈ మాట నాకు తట్టనే లేదు. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

ఎడిటరుగారు కుర్చీ సంగతి తర్వాత చూద్దామన్నారు. ఆ గొంతు నాకు తెలుసు. నేనే లేచి, శనివారం లోపల అంతా మళ్ళీ యథాస్థానంలో పెడతాను, ఆ తర్వాత మీ ఇష్టం అన్నాను. ఎడిటరుగారు డాక్టరమ్మ వైపు చూశారు.

ఆవిడ ఒకే షరతు పెట్టారు. మొదటి పేజీ నుంచి చదవాలి. ఆగకుండా, మామూలు మనుషులు చదివినట్టు.

ఇరవై ఒకటి, శుక్రవారం

మొదటి పేజీ. మొదటి వాక్యం. ‘ఊబిదొర వచ్చింది.’

నీటి పైన కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. ఆ పిల్ల కొలతబద్ద పట్టుకుని ఒడ్డున నిలబడింది. అది ఆమె వైపు చూసింది. ఆమె కూడా అటు చూసింది.

పడిపోయాను. ఇన్నాళ్ళ తీర్మానం ఒక్క పేజీకే నీళ్ళపాలు.

దిద్దుతున్నాను, చదువుతున్నాను. భోజనం డబ్బా తెరవలేదు. గుహ దగ్గర నా ఎర్రగీతలన్నీ కొట్టేసి, కర్తలు లేని ఆ వాక్యాలన్నీ మళ్ళీ నిలబెట్టాను. వణికింది. దగ్గరికి జరిగింది. నిట్టూర్చింది. ఇప్పుడు అర్థమైంది, అక్కడ అర్థం కావాల్సింది ఏమీ లేదని.

ఇరవై రెండు, శనివారం

వంతెన.

మేస్త్రీ కట్టిన కర్రవంతెన వరదకి ఊగిపోతోంది. మధ్యలో ఆ పిల్ల. ఊళ్ళోవాళ్ళు బరిసెలు పట్టుకుని ఒడ్డుకి వచ్చి, ఎక్కడ అది, ఎక్కడ దాక్కుంది అని అరుస్తారు. వంతెన ఎందుకు కూలలేదో ఆమెకి ఒక్కదానికే తెలుసు. నీళ్ళలో మెడదాకా మునిగి, భుజాల మీద దూలాలు మోస్తున్నది ఎవరో ఆమెకి తెలుసు. చెబితే చంపుతారు. చెప్పకపోతే, ఆమె దిగిపోయాక కూడా అది అలాగే మోస్తూ ఉండిపోతుంది.

‘ఆయన కింద ఉన్నాడు’ అంటుంది.

అంతే. బరిసెలు కిందికి దిగుతాయి. ‘అది’ని చంపడానికి వచ్చినవాళ్ళు ‘ఆయన’ని ఏం చెయ్యాలో తెలియక నిలబడిపోతారు.

పోయినవారం ఈ వాక్యంలో తప్పులేమీ లేవని దాటేసింది నేనే. ఈసారి దాటలేకపోయాను. ఆఫీసులో, గుమ్మం పక్క స్టూలు మీద, వచ్చేపోయేవాళ్ళందరూ చూస్తుండగా ఏడ్చాను. కాగితం తడిసి ఎర్రసిరా అలుక్కుపోయింది. ఎడిటరుగారు చూసి వెళ్ళిపోయారు. సాయంత్రానికి పేజీలు అచ్చుకి వెళ్ళాయి. కుర్చీ ఊసు ఎవరూ ఎత్తలేదు. ఇక రాదని అనుకున్నాను.

ఇంటికొచ్చేసరికి మావారు వంటగది సింకు కింద ఉన్నారు. పైపు కారుతోందట. నేలమీద వెల్లకిలా, తలా భుజాలూ లోపల, కాళ్ళు బయట. లోపల ఎక్కడో గొట్టాన్ని ఒంటి చేత్తో ఎత్తి పట్టుకుని మూలుగుతున్నారు. నా తల ఇంకా వంతెన మీదే ఉంది. ఆ మూలుగు విని వంగి చూశాను.

“చెయ్యి నొప్పెడుతోందా నీకు?” అన్నాను.

అన్నాక తెలిసింది ఏమన్నానో. స్పానరు చప్పుడు ఆగిపోయింది. బల్ల దగ్గర మా అమ్మాయి పుస్తకంలోంచి తలెత్తింది. మావారు గబుక్కున బయటికి రాబోయి తల కొట్టుకున్నారు. నుదుటి మీద జిడ్డు, జుట్టులో తుప్పు, గడ్డం మీద పైపులోంచి పడిన పచ్చటి నాచు. నన్ను కొత్తమనిషిని చూసినట్టు చూశారు.

“ఏమన్నావు?”

ఏం లేదు అన్నాను.

“మళ్ళీ అను.”

ఒక్క అక్షరం మార్చి మాట్లాడటం ఇంత కష్టమా. మావారు ఏదో తేల్చుకున్నట్టు “ఊఁ” అని మళ్ళీ సింకు కిందికి వెళ్ళిపోయారు. అమ్మాయి నా వైపు చూసి పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందని భుజాలు చెబుతున్నాయి.

ఆ పిల్ల ‘అది’ దగ్గర బయల్దేరి ‘ఆయన’ దాకా నడిచింది. నాకు మొదటి రోజే ‘ఆయన’ని చేతిలో పెట్టారు. నేను నడవాల్సింది అక్కణ్ణుంచి ‘నువ్వు’ వైపని ఇన్నేళ్ళూ ఎవరూ చెప్పలేదు.

ఇరవై నాలుగు, సోమవారం

కొత్తమ్మాయి చేరింది. ఇకమీద గైడులు, నిఘంటువులు, గంభీరమైన పుస్తకాలు అన్నీ ఆమెకే. ఎడిటరుగారు నన్ను పిలిచి, రాక్షసుల ప్రేమకథలు మాత్రం నువ్వే చూడాలమ్మా, డాక్టరమ్మ నువ్వు తప్ప ఇంకెవరూ ముట్టుకోకూడదంది అన్నారు. ఉద్యోగం ఖాయం. కుర్చీ కూడా నాకే. అక్కడ ఎండ పడుతుందని కొత్తమ్మాయి వద్దందట.

సిరా అలుక్కుపోయిన కాగితం డాక్టరమ్మ అడిగి మరీ తీసుకెళ్ళారట. ‘ఊబిదొర’ రెండో భాగం రాస్తున్నారట.

తీర్మానం. రేపటి నుంచి రాక్షసుల ప్రేమకథలు చదవను. ఈసారి నిజంగా. ఆఫీసులో చదివేది జీతం కోసం కాబట్టి లెక్కలోకి రాదు. చెరువు అడుగునాయన వలలోంచి బయటపడేదాకా కూడా లెక్కలోకి రాదు, అది మానవత్వం. పెట్టెకి తాడు రేపు కడతాను.

గేటు చప్పుడైంది. మావారు వచ్చారు.

కాదు, ఇది దిద్దాలి. మా ఆయన వచ్చాడు.

మార్జిన్‌లో రాస్తున్నాను: తప్పు కాదు, ఇలాగే ఉంచాలి.